చెరి సగం కెమెరా

పళ్ల మేస్త్రి దగ్గర కెమెరాలో సగమే ఉంది. తక్కిన సగం బావ ఇంట్లో, బీరువాలో ఉంది. రొట్టె విరిచి పంచుకున్నట్టు కెమెరాను పంచుకున్న మహానుభావులు వీళ్లిద్దరే అయి ఉంటారు.

పళ్ల మేస్త్రి అన్నది పనిచోట వాళ్లు పెట్టిన పేరు. పళ్ల డాక్టర్లు పంపిన అచ్చులు చూసి కట్టుడు పళ్లు చేస్తాడు. మైనంలో పన్ను చెక్కి, పక్క పంటి రంగుతో కలిసేదాకా వదలడు. అతని అక్క మొగుడు లిఫ్టు మెకానిక్, పదేళ్లు పెద్ద. ఇద్దరికీ పిట్టల పిచ్చి. ఆరేళ్ల కిందట చెరి సగం వేసుకుని ఒక డిజిటల్ ఎస్ఎల్ఆర్ కొన్నారు. పెళ్లిళ్లు తీసేవాళ్ల భారీ సరుకు కాదు, పిల్లలు ఆడుకునే రకమూ కాదు. పిచ్చి ముదిరినవాళ్లు కొనే మధ్య రకం. దానికి పిట్టల్ని దగ్గరికి లాగే పొడుగాటి లెన్స్ ఒకటి.

ఆదివారం తెల్లారేసరికి ఊరి చివర చెరువు గట్టున ఉండేవాళ్లు. బావ ముందు కూర్చునేవాడు, ఇతను ఫ్లాస్కు పట్టుకుని పక్కన. ఒకరు ఎడ్డెమంటే ఇంకొకరు తెడ్డెం. వెలుతురు ఎక్కువైందని ఇతనంటే, నీ కళ్లజోడు తుడుచుకోరా అని అతను. కానీ పిట్ట వాలిందంటే మాత్రం బావ నోరు మెదపడు. ఇతని తొడ మీద గట్టిగా గిచ్చుతాడు. సోమవారం స్నానాల గదిలో ఆ నల్లటి మచ్చ చూసుకుని పళ్ల మేస్త్రి తిట్టుకునేవాడు.

ఒక ఆదివారం బావ చెరువు మీదికి వంగిన ఎండుకొమ్మ ఒకటి పట్టాడు. లకుముకి పిట్ట అక్కడే వాలుతుందని మూడు వారాలు కాపు వేసి మరీ తేల్చాడు. స్టాండు పాతి, కెమెరా బిగించి, కొలతలన్నీ సరిచేసి రెండు గంటలు కూర్చున్నాడు. అంతలో ఏమైందో గభాల్న లేచాడు.

"ఒరేయ్, నువ్వు చూస్తుండు. ఇప్పుడే వస్తా" అని పొదల వైపు నడిచాడు.

అతను అటు వెళ్లడం, ఇటు పిట్ట నీళ్లలోకి దూకడం, చేపతో పైకి లేవడం, పళ్ల మేస్త్రి వేలు మీట మీద పడటం, అన్నీ ఒక్క రెప్పపాటులో జరిగిపోయాయి. ఫోటో చూసి ఇద్దరూ గట్టు మీద గంతులేశారు. ఇక్కడివరకు బాగానే ఉంది. తర్వాత బుద్ధి గడ్డి తింది. పళ్ల మేస్త్రి ఆ ఫోటోను తన ఒక్కడి పేరు మీద ప్రదర్శనకు పంపాడు. దానికి మొదటి బహుమతి వచ్చింది.

ప్రదర్శన హాల్లో, పదిమంది ఎదుట బావ అడిగాడు. "కొమ్మ వెతికిందెవరురా? కెమెరా నిలబెట్టిందెవరు?"

"నొక్కింది నేను. నువ్వు పొదల చాటున కూర్చున్నావుగా!" అన్నాడు పళ్ల మేస్త్రి.

అందరూ పగలబడి నవ్వారు. బావ ముఖం నల్లబడింది. మర్నాడు పొద్దున్నే వచ్చి, మంచినీళ్లు కూడా తాగకుండా లెన్స్ ఊడదీసుకున్నాడు. "బాడీ నీది, లెన్స్ నాది. నీకు నొక్కడమేగా కావాలి, నొక్కుకో" అని వెళ్లిపోయాడు.

ఇది జరిగి పద్నాలుగు నెలలు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నారు. ఇద్దరికీ తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మధ్యలో అక్క అడకత్తెరలో పోకచెక్క అయింది. తమ్ముడికి ఫోన్ చేసినప్పుడు బావ మాట దాటేసేది. ఒక్కసారి మాత్రం, బావను లిఫ్టుల పని నుంచి తప్పించి ఆఫీసులో కుర్చీ పనికి మార్చారని చెప్పింది. ప్రమోషన్ అన్నమాట, అందుకే ఆ బిగువు, అనుకున్నాడు మన తెలివైనవాడు.

పంతం పట్టినంత తేలిక కాదు దాన్ని మొయ్యడం. ఆదివారం ఐదింటికే మెలకువ వచ్చేది. లేచి చేసేదేమీ లేదు. బ్యాటరీకి ఛార్జి పెట్టేవాడు. లెన్స్ లేని బాడీని కంటికి ఆనించుకుంటే పొగమంచు తప్ప ఏమీ కనిపించేది కాదు. అయినా ఒకసారి నొక్కేవాడు. లోపల అద్దం టపుక్కున లేచి పడేది. ఆ చప్పుడు వింటే గట్టు, తడిగడ్డి వాసన, బావ గొణుగుడు అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడేవి. రెండోసారి నొక్కాలంటే ధైర్యం చాలేది కాదు.

ఒకసారి తెలిసినవాళ్ల దగ్గర లెన్స్ అడిగి తెచ్చుకుని ఒక్కడే చెరువుకు వెళ్లాడు. మూడు వందల ఫోటోలు తీశాడు. ఇంటికొచ్చి చూసుకుంటే అన్నిట్లోనూ నీళ్లు, ఖాళీ కొమ్మలు, ఎగిరిపోతున్న తోకలు. మచ్చలేని తొడ చూసుకుంటే ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, ఇందులో దాచడానికేముంది?

కళ్లెదుట ఉంటే కదా ఈ బాధ, అమ్మి పారేద్దామనుకుని ఒక శనివారం బాడీని సంచిలో పెట్టుకుని పాత కెమెరాల దుకాణానికి వెళ్లాడు. దుకాణం ముసలాయన మూత తీసి, లోపలి అద్దం మీద దుమ్ము చూసి, నాలుక చప్పరించాడు.

"దీని లెన్స్ ఏదండీ?"

"లేదండీ. ఇదొక్కటే."

"విచిత్రంగా ఉందే! పోయిన నెల ఒకాయన వచ్చాడు, దీనికి పట్టే లెన్స్ ఒక్కటే పట్టుకుని. బాడీ ఏదంటే లేదన్నాడు. ఇది తీసుకుని, వణుకు ఆపే లెన్స్ ఇస్తారా అని అడిగాడు."

"వణుకు ఆపేదా?"

"కొన్ని లెన్సులుంటాయిలెండి, చెయ్యి కాస్త కదిలినా అవి సర్దుకుంటాయి. కానీ ఈయనది కాస్తా కూస్తా కాదు. లెన్స్ బల్ల మీద పెట్టేసరికే టకటకలాడింది. ఈ వణుకుని ఏ లెన్సూ ఆపలేదు బాబూ, స్టాండు మీద పెట్టుకుని నొక్కండి అన్నా. స్టాండు మీదున్నా నా వేలు తగిలితే బొమ్మ అదిరిపోతుందండీ, రెండేళ్లుగా ఇంతే అన్నాడు. లిఫ్టుల్లో పనిచేసేవాడట, ఆ పనీ పోయిందట."

పళ్ల మేస్త్రి బల్ల మీది బాడీని తన వైపు జరుపుకున్నాడు.

"మరి నొక్కడానికి ఎవరినైనా పెట్టుకోండి అన్నా. దానికి నవ్వాడు. నొక్కే మనిషి ఒకడుండేవాడండీ, పోగొట్టుకున్నా అన్నాడు. ఇంతకీ దీనికి ఎంత అనుకుంటున్నారు?"

పళ్ల మేస్త్రి లెక్క వేస్తున్నది అది కాదు. రెండేళ్లుగా అన్నాడు. వీళ్లు పోట్లాడుకుని పద్నాలుగు నెలలే. అంటే ఆ రోజు చెరువు గట్టున బావ లేచి వెళ్లింది ఒంటికి కాదు. రెండు గంటలు కాపు కాసి, తీరా పిట్ట వచ్చే వేళకు చెయ్యి మాట వినక, తమ్ముడిలాంటివాడి ముందు బయటపడటం ఇష్టంలేక, కెమెరా అప్పగించి పొదల చాటుకు పోయాడు. అలాంటివాడిని పట్టుకుని పదిమందిలో ఎగతాళి చేశాడు. ఆ మాట నోట్లోంచి రాకముందే నాలుక తెగిపోయినా బాగుండేది.

"అమ్మనండీ" అని బాడీ లాక్కున్నంత పని చేసి, దుకాణం మెట్లు దిగాడు.

బావ ఇంటి తలుపు బావే తీశాడు. చిక్కిపోయాడు. కుడిచెయ్యి గభాల్న జేబులో పెట్టుకున్నాడు. చూపు మాత్రం బావమరిది చేతిలోని సంచి మీదికి పోయింది.

"లెన్స్ కోసం వచ్చావా?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. లోపలికెళ్లి గుడ్డలో చుట్టిన లెన్స్ తెచ్చి, ఎడమచేత్తో ముందుకు చాపాడు. ఆ చెయ్యీ వణుకుతూనే ఉంది. "పట్టుకెళ్లు. నేను చేసుకునేది మాత్రం ఏముంది దీన్ని?"

పళ్ల మేస్త్రి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. దారంతా సిద్ధం చేసుకున్న క్షమాపణలు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"వద్దు బావా. ఒక్కణ్ణే వెళ్లి చూశాను. మూడు వందలు తీశాను, ఒక్కదాంట్లో పిట్ట లేదు. నాకు చూడ్డం రాదు బావా. ఎప్పుడూ నువ్వే చూశావు. నాకు వచ్చింది నొక్కడమొక్కటే."

బావ కుడిచెయ్యి జేబులోంచి బయటికి తీశాడు. అది దాని ఇష్టంకొద్దీ వణుకుతుంటే ఇద్దరూ దాన్నే చూశారు.

"ఎవరండీ వచ్చిందీ?" అని లోపల్నుంచి అక్క కేక వేసింది.

"మీ తమ్ముడే" అన్నాడు బావ. "రేపు ఐదింటికి లేపు, ఇద్దర్నీ."