సంతకం లేని ఓటు

మరచిపోవడం వేరు, చెయ్యి మొరాయించడం వేరు, తనది ఈ రెండింటిలో ఏదో పదకొండు గంటల్లోగా తేల్చుకోవాలి అనుకుంటూ రేటో కాఫ్లిష్ మంచు పేరుకున్న బాట మీద పంచాయతీ ఆఫీసు వైపు దిగుతున్నాడు.

పదింటికి గుమాస్తా ఉర్సినా ఫోన్ చేసింది.

"బాబాయ్, నువ్వు పోస్టులో పంపిన ఓటు కవరు ఇప్పుడే తెరిచాం. ఓటరు కార్డు మీద నీ సంతకం లేదు. పదకొండింటికి పెట్టె మూసేస్తాం. ఈలోపు వచ్చి గీకి వెళ్లు, లేకపోతే చెల్లదు."

"మర్చిపోయానమ్మా."

"నువ్వా?" అని ఆమె నవ్వింది.

నవ్వదా మరి. ఈ ఆదివారం దేశమంతా ఓటు వేస్తున్నది అతని వాక్యం మీదే. ప్రభుత్వం ఖర్చూ రాబడీ ఎల్లకాలం సమతూకంలో ఉంచాలి అన్న ఆ వాక్యాన్ని రాజ్యాంగంలో చేర్చాలా వద్దా అని. అతనొక్కడే రాయలేదు, నిజమే. కానీ రాజధాని బెర్న్‌లో ఆర్థికశాఖ మూడో అంతస్తులో దాన్ని పదిసార్లు కొట్టేసి, పదకొండోసారి నిలబెట్టింది అతనే. ఊళ్లో అందరికీ ఆ సంగతి తెలుసు.

తెలియనిది ఒకటే. లోపలి చిన్న కవరులో, సీలు కింద, చీటీ మీద అతను రాసింది 'వద్దు' అని.

వంతెన దగ్గర ఆగాడు. వెనక్కి తిరిగితే చాలు. ఓటు చెల్లదు, ఎవరికీ ఏమీ తెలియదు. ముందుకు వెళ్తే ఆ చీటీ లెక్కలోకి వస్తుంది. లెక్కపెట్టేవాళ్లలో జాకెన్ ఉన్నాడు. బడిలో ఆరేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. పేరు లేకపోయినా ఆ ఎడమవైపు ఒరిగే చేతిరాత వాడికి తెలియకుండా ఉంటుందా.

వద్దు అని ఎందుకు రాశావు, అని తననే అడిగాడు. సమతూకం తప్పు అని కాదు. దాని వెనకే ఇంకో వాక్యం ఉంది, అదీ తను రాసిందే: అసాధారణ పరిస్థితి వస్తే చట్టసభ ఖర్చు హద్దు పెంచవచ్చు. అక్కడే ముల్లు గుచ్చుకుంది. వచ్చింది అసాధారణమని గుర్తుపట్టేది ఎవరు? తనలాంటివాళ్లే కదా. కిందటి చలికాలం భార్య మెంజియా రెండు మెట్లు ఎక్కి ఆయాసంతో గోడ పట్టుకుంటే, శుక్రవారం వస్తాను, డాక్టరు దగ్గరికి వెళ్దాం, అని చెప్పి ఎప్పటిలాగే సోమవారం బెర్న్ రైలెక్కి వెళ్లినవాడు తను. శుక్రవారానికి ఆమె లేదు. ఏడుపు కూడా కొలిచి ఏడుస్తావు నువ్వు, అని ఆమె ఒకసారి నవ్వుతూ అన్నది. ఆ మాట మీద అప్పుడు తనూ నవ్వాడు.

ఇది దేశానికి సంబంధించిన కారణమా? తన గుండెలో గడ్డకట్టినదాన్ని రాజ్యాంగం మీద రుద్దుతున్నాడా? తెలియలేదు. చెల్లకుండా వదిలేయమని చెప్పి వచ్చేద్దామనుకుని వంతెన దాటాడు.

ఆఫీసులో వెచ్చగా ఉంది. బల్ల మీద సగం తిన్న అక్రోటు కేకు. జాకెన్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చూశాడు.

"రారా, మహానుభావా. దేశానికంతా బుద్ధి చెప్పి నీ సంతకం నువ్వే మింగావా?"

"మీరు ఊరుకోండి మామయ్యా," అంది ఉర్సినా. "కాఫీ ఇవ్వనా బాబాయ్?"

"వద్దమ్మా. ఒక మాట అడుగుదామని." అతను జాకెన్ వైపు తిరిగాడు. "జాకెన్, మొత్తం కలిపి నూట నలభై చీటీలు. ఎవరేం రాశారో నీకు తెలిసిపోదూ?"

జాకెన్ కేకు ముక్క తుంచాడు. "ఎందుకు తెలియదు? ముప్పై ఏళ్లుగా లెక్కపెడుతున్నాను. ఆడవాళ్లకి ఓటు వచ్చినప్పటినుంచీ మా ఆవిడ నేను అవునన్నదానికల్లా కాదంటోంది. నా చేత్తో నేనే లెక్కపెట్టి, ఇంటికి పోయి, ఆవిడ చేసిన సూపే తాగుతున్నాను."

"ఎప్పుడూ అడగలేదా?"

"ఏమని అడగను? చీటీ పెట్టెలో పడ్డాక అది ఆవిడది కాదు, ఊరిది. ఇక్కడ చూసింది గుమ్మం దాటించే అలవాటు మాకు లేదురా. మా నాన్నకీ లేదు." ఆగి, మామూలుగా అన్నాడు: "నీది లేకపోయినా నీ చట్టం గెలుస్తుంది. వారం నుంచీ రేడియోలో చెబుతున్నారు. నువ్వు మోయాల్సిందేం లేదు."

రేటో కుర్చీలో కూర్చున్నాడు. ఆ వాక్యం తను లేకుండానే నిలబడుతుంది. ఇంతకాలం దాని కింద భుజం పెట్టి నిలుచున్నానని అనుకున్నాడు, నిజానికి అక్కడ బరువే లేదు. మిగిలింది ఒక చిన్న చీటీ, దాని మీద ఒక మనిషి మాట. తప్పో ఒప్పో, మెంజియా పోయిన ఈ పది నెలల్లో కొలవకుండా అన్న మాట అదొక్కటే. అది లెక్కలోకి రావాలి.

"ఐదు నిమిషాలే ఉన్నాయి బాబాయ్," అంది ఉర్సినా, కార్డు అతని ముందుకు జరిపి.

అతను పెన్ను తీసుకుని సంతకం చేశాడు.