వట్టి చప్పుడు

చెవిమేస్త్రికి ఆ పేరు పెట్టింది తల్లిదండ్రులు కాదు, నీళ్ళ శాఖ. అసలు పేరు జీతాల రిజిస్టరులో పడి ఉంది, దాన్ని అక్కడి నుంచి ఎవరూ కదిలించరు. ఆయన పనల్లా వినడమే. నడుమెత్తు చెక్కకర్ర ఒకటి, దాని పైకొసన చిన్న గిన్నెలాంటి తల. కర్రను రోడ్డు మీద నిలబెట్టి, గిన్నెకు చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి, నేల లోపల ఏ పైపు ఎక్కడ కారుతోందో చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా తెల్లవారగానే, బళ్ళు రోడ్డెక్కకముందే, ఆయన వీధులకు చెవి ఒగ్గుతున్నాడు. రోడ్డుకు జ్వరం చూస్తున్నాడని జనం నవ్వుకుంటారు. నవ్వు కూడా చప్పుడే కాబట్టి, అది అయిపోయేదాకా ఆగి మళ్ళీ కర్రకు చెవి ఆనిస్తాడు.

ఆయనకున్నది ఒకే నియమం. విన్నదే పుస్తకంలో రాయాలి, విననిది చచ్చినా రాయకూడదు. పక్క వార్డు మేస్త్రి ఒకసారి జ్వరం వచ్చి ఇంట్లో పడుకుని, నాలుగు వీధులు తిరిగినట్టు పుస్తకం నింపేశాడు. అతనితో మన మేస్త్రి తొమ్మిదేళ్ళు మాట్లాడలేదు. చివరికి అతను రిటైరై వెళ్ళిపోయే రోజున దండ వేసి, అప్పుడు కూడా నోరు విప్పలేదు.

ఇంట్లో ఉండేది ఆయనా, అక్కా. అక్క పధ్నాలుగేళ్ళు పెద్దది. తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది, చొక్కాలు కుట్టి చదివించింది. కూరలో ఉప్పు దగ్గర్నుంచి ఫ్యాను వేగం దాకా ఇద్దరికీ ఒక మాట కుదరదుగానీ, అసలు పేచీ వెనక గదిలోని పేము కుర్చీ దగ్గర. రోజూ పొద్దున ఆరింటికి అక్క ఆ కుర్చీలో కిటికీ వైపు తిరిగి కూర్చుని, దేవుడి కోసమని కళ్ళు మూసుకుంటుంది. ఏడింటికి లేస్తుంది. నలభై ఆరేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు.

"కనపడదు, వినపడదు, తవ్వితే దొరకదు. అలాంటిది ఉందని తెలివున్న మనిషి ఎలా ఒప్పుకుంటుందక్కా?" అని తమ్ముడు ఏడాదికి నాలుగుసార్లయినా అడుగుతాడు. అక్క దారం పంటితో తెంపి, టీ చల్లారిపోతోంది తాగమంటుంది. ఆయన టీ తాగేస్తాడు.

ఆ ఏడు అక్క గుండె మొరాయించింది. కవాటం ఒకటి మార్చాలన్నారు. ఆ వయసులో నూటికి ఎనభై మంది బాగానే లేస్తారని డాక్టరు ధైర్యం చెప్పాడు. మేస్త్రికి ఆ ఎనభై చెవికెక్కలేదు, మిగతా ఇరవైయే ఎక్కింది. ఆపరేషను గురువారం. బుధవారం ఆస్పత్రిలో చేరడానికి ముందుగానే సంచి సర్దుకుంటూ అక్క మామూలుగా ఒక మాట అంది.

"గురువారం ఆరింటికే నన్ను లోపలికి తీసుకుపోతారట. తొమ్మిదింటిదాకా మనవాళ్ళను రానివ్వరు. నా గంట ఖాళీగా పోతుందిరా. నువ్వు కూర్చో."

"నేనా? కూర్చుని ఏం చెయ్యను?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. కుర్చీ ఖాళీగా ఉండకూడదు, అంతే."

మేస్త్రి, అక్క అడిగితే గుండె కోసి ఇచ్చేవాడే, ఇది మాత్రం ఇవ్వలేకపోయాడు. నమ్మకం లేకుండా ఆ కుర్చీలో కూర్చుంటే అది దొంగ సంతకమని, నీ కోసమైనా దొంగ సంతకం పెట్టలేనని చెప్పేశాడు. అక్క దువ్వెన కోసం వెతుక్కుంది. ఆమె కోప్పడి ఉంటే ఆయనకు కాస్త తేలిగ్గా ఉండేది.

మర్నాడు సోమవారం. ఆఫీసులో కొత్తగా వచ్చిన ఇంజినీరమ్మ ఆయన్ని పిలిపించింది. ఆ అమ్మాయి పాత పుస్తకాలన్నీ కంప్యూటరులోకి ఎక్కిస్తోంది. రొట్టెల దుకాణానికీ, చెప్పులు బాగుచేసే కొట్టుకూ మధ్య ఉన్న మలుపు దగ్గర ఏటా ఒకే మాట రాసి ఉందట, ఇరవై ఆరుసార్లు, ఆయన చేతిరాతతోనే. వట్టి చప్పుడు, వట్టి చప్పుడు, వట్టి చప్పుడు.

అది మేస్త్రుల మాట. నీళ్ళు వెళ్తున్నట్టు వినపడుతుంది, మ్యాపు చూస్తే అక్కడ పైపు ఉండదు. ఏ కరెంటు పెట్టె మూలుగో, ఏ మురుగు కాలువ గొణుగుడో అయి ఉంటుందని సరిపెట్టుకుని వట్టి చప్పుడు అని రాసి ముందుకు పోతారు. మ్యాపులో పైపు లేకపోతే నీ చెవిని నమ్మకు అని ఆయనకు పని నేర్పిన పెద్దమేస్త్రి మొదటిరోజే చెప్పాడు. ఆ ముక్కే ఆయన ఆ అమ్మాయికి చెప్పాడు.

"చప్పుడు ఉందా లేదా మేస్త్రి గారూ?"

"ఉందమ్మా. సన్నగా, ఎక్కడో లోతుగా."

"కరెంటు పెట్టె ఉందా అక్కడ?"

"లేదు."

"మురుగు కాలువ?"

"అటు పక్క వీధిలో."

"మరి వట్టిదని దేన్ని బట్టి రాశారు?"

మ్యాపును బట్టి, అన్నాడాయన. అంటున్నప్పుడే ఆ మాట పుల్లగా తగిలింది నోటికి. విన్నదే రాయాలని ఊరందరికీ నీతులు చెప్పిన మనిషి, విన్నదాన్ని ఇరవై ఆరేళ్ళు కొట్టిపారేశాడు. దానికి మ్యాపులో చోటు లేదు, అంతకుమించి కారణం లేదు.

వారంలో ఆ మలుపు మీద కొత్త రోడ్డు పొయ్యబోతున్నారు. పోశాక ఇంకో పదిహేనేళ్ళు గునపం దిగనివ్వరు. ఇంజినీరమ్మ అనుమతి కోసం ఎవరెవరి బల్లల ముందు నిలబడిందో గానీ, మంగళవారం పొద్దున్నే ఇద్దరు తవ్వకం కూలీలను వెంటబెట్టుకుని వచ్చింది. నాలుగడుగులు తవ్వారు. ఎండిన బంకమట్టి. ఐదడుగులు. అదే మట్టి. చెప్పుల కొట్టతను గుంటలోకి తొంగిచూసి, నిధి దొరికితే తనకూ వాటా ఉందని గుర్తుచేసి పోయాడు. మేస్త్రికి తలకొట్టేసినట్టయింది. ఆపేద్దామన్నాడు. ఆ అమ్మాయి మాత్రం కర్ర తీసి ఆయన చేతికిచ్చి, ఒక్కసారి గుంటలో దిగి వినమంది.

దిగాడు. మట్టి మీద కర్ర ఆనించి, గిన్నెకు చెవి పెట్టాడు. రోడ్డు మీంచి సన్నగా తోచిన ఆ చప్పుడు అక్కడ సన్నగా లేదు. అది తొందరలేని, తెంపులేని, నిండైన చప్పుడు. కారే పైపు బుసకొడుతుంది, ఆయనకు తెలుసు. ఇది బుసకొట్టడం లేదు. దేనికీ కోపం లేనట్టు పోతూ ఉంది.

ఇంకో రెండడుగుల్లో గునపానికి ఇటుక తగిలింది. మట్టి చేతులతో తోసేసరికి వంపు తిరిగిన కప్పు బయటపడింది, చిన్న చిన్న ఇటుకలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. మ్యాపు గియ్యడం మొదలుపెట్టకముందటి పని. ఒక ఇటుకను నిదానంగా ఊడదీశారు. ఆ కంతలోంచి చల్లటి గాలి వచ్చి మేస్త్రి ముఖానికి తగిలింది. టార్చి వేసి, బోర్లా పడుకుని, లోపలికి చూశాడు.

నీళ్ళు. మనిషి వంగి నడవగలిగినంత సొరంగంలో, గోడ నుంచి గోడ దాకా, అడుగున రాళ్ళు కనిపించేంత తేటగా పోతున్నాయి. వెలుతురు పడినచోట మెరిసి, మళ్ళీ చీకట్లోకి పోతున్నాయి. ఎక్కడి నుంచో తెలియదు, ఎక్కడికో తెలియదు. ఆయన పుట్టకముందు నుంచి, ఆయన తాత పుట్టకముందు నుంచి పోతూనే ఉన్నాయి. చిన్నప్పుడు అక్క చెయ్యి పట్టుకుని ఈ మలుపు దాటాడు. ఇక్కడే నిలబడి ఎన్ని వందల టీలు తాగాడో. ఆ టీలన్నిటి కిందా ఇవి పోతూనే ఉన్నాయి, ఎవరి మెప్పూ అడగకుండా, ఎవరూ చూడకుండా. ఊడదీసిన ఇటుక వెనక్కి తిప్పితే, పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో నొక్కిన బొటనవేలి గుర్తు ఉంది. మేస్త్రి తన వేలు అందులో పెట్టాడు. సరిగ్గా పట్టింది.

కాసేపటికి ఆయనకు ఒక సంగతి తట్టింది. గుంట చుట్టూ ఉన్నవాళ్ళందరూ గుసగుసగా మాట్లాడుతున్నారు. అలా మాట్లాడమని ఎవరూ చెప్పలేదు. పొద్దున్నించీ గొంతు చించుకుని అరిచిన కూలీలు కూడా ఇటుకలను పసిపిల్లలను దించినట్టు దించుతున్నారు. ఇంజినీరమ్మ తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకుంది. మేస్త్రి అక్కడే మట్టి మీద కూర్చుండిపోయాడు. భయం కాదది, సంతోషం అనడానికీ లేదు. ఆ అమ్మాయికి రెండుసార్లు, కూలీలకు ఒక్కొక్కరికీ విడివిడిగా థాంక్స్ చెప్పాడు. వాళ్ళు విస్తుపోయారు. మేస్త్రి ఎవరికీ థాంక్స్ చెప్పగా వాళ్ళు చూసి ఉండలేదు.

బుధవారం సాయంత్రం ఆస్పత్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అక్కకు అంతా చెప్పాడు. చెప్పి, తలవంచుకుని, నువ్వు నమ్మేదే నిజమేమో అన్నాడు. ఏళ్ళ తరబడి సాగిన వాదన అక్కకు ఒక్క మాటతో దక్కింది. ఇంకొకరైతే దాన్ని కొంగున ముడేసుకునేవారు. అక్క తల అడ్డంగా ఊపింది.

"నీళ్ళు దొరికితే దేవుడు దొరికినట్టు కాదురా. నీళ్ళకు చప్పుడుంది. నువ్వు విన్నావు, తవ్వావు, చూశావు. నాకు ఆ మాత్రం కూడా లేదు."

"అంటే?"

"ఇన్నేళ్ళలో నాకేమీ వినపడలేదు. ఒక్కసారి కూడా."

ఆ కుర్చీలో అక్కకు ఏవో వినపడతాయనీ, అవి భ్రమలనీ ఆయన ఇన్నేళ్ళూ అనుకున్నాడు. ఆ భ్రమలతోనే ఇన్నేళ్ళూ పోట్లాడాడు. మరి ఎందుకు కూర్చున్నావని అడిగాడు. మామూలుగా అయితే టీ తాగమనేది. ఆస్పత్రిలో టీ లేదు. చేతులకేసి చూసుకుంటూ చెప్పింది.

"నీకు ఎనిమిదేళ్ళప్పుడు పదకొండు రోజులు జ్వరం. పన్నెండోనాడు పొద్దున కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగావు. మందుకే తగ్గింది, నాకు తెలుసు. డాక్టరు కాళ్ళ మీద పడ్డాను. కాంపౌండరుకు నీ మేలు మరవనని చెప్పాను, మందు కొనుక్కొచ్చిన పక్కింటాయనకు చెప్పాను. అందరికీ చెప్పాక కూడా ఇంకా మిగిలిందిరా. ఎవరికి ఇవ్వాలో తెలియలేదు. తీసుకునేవాళ్ళు ఎవరూ లేరని సరిపెట్టుకుందామంటే, అది అబద్ధమనిపించింది. అందుకని ఇంటికొచ్చి కూర్చున్నాను."

"తీసుకునేవాళ్ళు నిజంగానే లేకపోతే?"

"లేకపోవచ్చు. కానీ నాలో మిగిలింది మాత్రం ఉంది కదా. దాన్ని నీలాగా వట్టి చప్పుడని రాసుకోలేకపోయాను."

నర్సు వచ్చి టైమయిపోయిందని గుర్తుచేసింది. కుర్చీ సంగతి అక్క ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. వస్తూ ఆమె పాదాల మీద దుప్పటి సర్దాడు, అది అప్పటికే సర్ది ఉన్నా.

గురువారం ఆరింటికి ఐదు నిమిషాలుండగా మేస్త్రి వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రావాలో వద్దో తెలియని చుట్టంలా. తర్వాత వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. అలవాటు కొద్దీ కర్ర కూడా తెచ్చుకున్నాడు, దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నమ్ముతున్నానని చెప్పలేదు. నమ్మడం లేదని కూడా చెప్పలేదు. తనకు వచ్చిన పని ఒక్కటే, అదే చేశాడు. వినసాగాడు.

ఫ్రిజ్ గొణుగుడు, తీసేశాడు. వంటింటి కుళాయి చుక్క, తీసేశాడు. దూరంగా మొదటి బస్సు, తన చెవిలోని నెత్తురు, కుర్చీ పేము కిర్రు, ఒక్కొక్కటే గుర్తుపట్టి పక్కనపెట్టాడు. చివరికి ఏమీ మిగల్లేదు. అంత నిశ్శబ్దాన్ని ఆయన ఎప్పుడూ వినలేదు. ఏమీ లేనిచోట రెండు నిమిషాలకే కర్ర ఎత్తేసి ముందుకు పోయే మనిషి, ఎత్తలేదు. అక్క ఇదే నిశ్శబ్దంలో రోజుకో గంట కూర్చుందని, అయినా మర్నాడు మళ్ళీ వచ్చిందని తలచుకుంటే, సొరంగం ముందు కలిగిందే మళ్ళీ కలిగింది. ఆయనకు ఏడుపొచ్చింది. తుడుచుకోకుండా కూర్చున్నాడు.

అక్క బతికింది. శనివారం గొట్టాలు తీశాక, గాజు తలుపు అవతలికి ఆయన్ని రానిచ్చారు. ఆమె ముఖం ఉతికి ఆరేసిన బట్టలా ఉంది, కళ్ళు మాత్రం ఎప్పటివే. దగ్గరకు వంగమని సైగ చేసింది.

"కూర్చున్నావా?"

"కూర్చున్నాను."

"ఏమైనా వినపడిందా?"

ఆయన రెండురోజులుగా ఈ ప్రశ్నకే భయపడుతున్నాడు. అయినా విననిది చెప్పడం ఆయనవల్ల కాదు.

"ఏమీ వినపడలేదక్కా."

అక్క నవ్వబోయింది, కుట్లు లాగితే ఆగింది. తమ్ముడి చెయ్యి అందుకుని, ఆ గోళ్ళలో మట్టి ఇంకా పోలేదని చూసింది.

"సరేలే. ఒక్కరోజే కదా అడిగాను, కూర్చున్నావు. ఇంక అక్కర్లేదు."

"నిన్న కూడా కూర్చున్నాను. ఇవాళ కూర్చునే వచ్చాను."

అక్క ఆశ్చర్యంగా చూసింది. ఎందుకని కళ్ళతోనే అడిగింది. మేస్త్రి తప్పు చేసినవాడిలా నేల చూపులు చూశాడు.

"డాక్టరుకు థాంక్స్ చెప్పాను, నర్సులకు చెప్పాను, కింద గేటు దగ్గర వాచ్‌మన్‌కు కూడా చెప్పాను," అన్నాడు. "ఇంకా మిగిలిందక్కా."