పారే నీటి గుల్లలు

చెక్‌డ్యామ్ వెనక నిలిచిన నీళ్లలో మోకాళ్ల దాకా దిగి, చిట్టెమ్మ బురదలోంచి గుల్లలు ఏరుతోంది. నల్లటి ఆల్చిప్పలు, ఒక్కోటి అరచేయంత. నోరు బిగించుకున్నది తట్టలోకి, తెరుచుకుని కంపు కొడుతున్నది గట్టు మీదికి. గట్టు మీది కుప్పే పెద్దది.

తప్పు ఆమెదే. ఊరి వాగు, ఆ గెడ్డలో ఇసుక తవ్వే ట్రాక్టర్లు దిగినప్పుడు, బతికున్న గుల్లల్ని కాపాడదామని తెచ్చి ఇక్కడ వదిలింది. ఇక్కడికి ట్రాక్టరు రాదు కదా అనుకుంది. ఇసుకలో కాలు దించుకుని, పారే నీళ్లకు నోరు తెరిచి బతికే ప్రాణాలవి. నిలవనీటి బురదలో ఊపిరాడక చచ్చాయి. జన్మంతా గుల్లలతో గడిపిన మనిషికి ఆ మాత్రం తట్టలేదు చూడండి!

జన్మంతా అంటే జన్మంతానే. ఎండాకాలం గెడ్డ సన్నబడితే ఒడ్డున ఉత్త చిప్పలు ఏరడం, కాల్చడం, నీళ్లు చల్లి సున్నం చేసి సంతలో ఆకుపొట్లాలు అమ్మడం. "నోరు మూసుకున్నది మనది కాదే గుంటా" అనేది తల్లి, ప్రాణమున్నదాన్ని తిరిగి నీళ్లలో వదిలేస్తూ. అప్పట్లో నీళ్లలో నిలబడితే చేపపిల్లలు కాలివేళ్లు కొరికేవి. తల్లీకూతుళ్లు కెవ్వుమని నవ్వేవారు.

గట్టు మీంచి ఆడపడుచు కృపావతి కేకేసింది. "ఏటి వదినా, గుల్లలకి పురుడు పోత్తన్నావా? బేగి రా!"

"నా సేత్తోనే సంపీసినానే కృపా. మిగిలినాటిని పారే నీట్లో ఎట్టీసొత్తాను. నువ్వెల్లి జావ కాయి."

"మరి నీ గుండె నొప్పో?"

"అదెక్కడికి పోద్ది? గుల్లలే ఆగవు."

గెడ్డలో ట్రాక్టర్లు ఎక్కలేని రాళ్ల మలుపు దాకా ఆగి ఆగి తట్ట మోసింది. గులకా ఇసుకా కలిసిన చోట ఒక్కొక్కదాన్నీ నిలబెట్టింది. కాళ్ల చుట్టూ చేపపిల్లలు మూగాయి. "వచ్చీసినారా? కొరకండి, కొరకండి" అని చిన్నపిల్లలా నవ్వింది. తర్వాత ఛాతీ పట్టుకుని రాతి మీద కూర్చుంది.

ఇంటి దగ్గర జావ చల్లారిపోయింది. పొద్దు వాలాక వెతుక్కుంటూ వచ్చిన కృపావతికి, వదిన రాతికి ఆనుకుని, కాళ్లు నీళ్లలో పెట్టుకుని కనిపించింది. ఒళ్లు చల్లబడింది. "ఓలమ్మో, వదినా!" అన్న ఏడుపుకి ఊరంతా కదిలొచ్చింది.

మట్టి చేసిన మర్నాడు కృపావతి తట్ట కోసం వెళ్లింది. అది రాళ్ల మధ్య ఒరిగి ఉంది. వెదురు సందుల్లోంచి గెడ్డ పారుతోంది. తట్ట అడుగున చేరిన ఇసుకలో వదిన దించకుండా వదిలేసిన చిన్న గుల్ల ఒకటి తనంతట తానే నిలబడి, నోరు కాస్త తెరిచి ఉంది. కృపావతి చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తట్ట ఇంకా అక్కడే ఉంది, నీళ్లలో.