మిగిలిన పోగులు

వేళ్ళ మధ్య బూడిద. గంజి వాసన.

ఎడమ చేతిలో పాత పోగు. కుడి చేతిలో కొత్త పోగు. రెండూ కలిపి బొటనవేలితో ఒక్క మెలి తిప్పితే… అతుక్కుపోతుంది.

ఒకటి. ఇంకొకటి. ఇంకొకటి.

మా ఎమ్మిగనూరు ఇంట్లో ఇది నా పని. ఒక పడుగు నేయడం అయిపోయాక, మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను వరసగా అతకాలి. రెండు వేల పైచిలుకు. ఒక్క కొత్త పోగు దాటేసినా చివర ఒక పాత పోగు జత లేకుండా మిగిలిపోతుంది. ఎక్కడ తప్పిందో వెతకాలి. అక్కణ్ణుంచి అంతా విప్పుకోవాలి. అందాకా మగ్గం నిలబడి ఉంటుంది. మగ్గంతో పాటు మా ఆయన భీమప్ప కూడా.

పదిహేడేళ్ళు నాకు ఒక్క పోగూ మిగల్లేదు.

"మా అంజినమ్మ అతికితే దేవుడొచ్చినా తప్పు పట్టల్యాడు" అని ఆయన వీధంతా చెప్పుకునేవాడు. సిగ్గేసేది. లోపల మాత్రం పొంగిపోయేదాన్ని.

ఆ రోజుల్లో చేతులు అతుకుతుంటే మనసు దాని పాటికి అది నడిచేది. ఒక ఆలోచన మొదలైతే చివరిదాకా పోయి వచ్చేది. ఎదురింటి రామమ్మక్కతో పడిన పోట్లాట అంతా తలుచుకుని, ఆమె తప్పెంతో నా తప్పెంతో తేల్చుకుని, సాయంత్రానికి ఆమె మీద కోపం కూడా పోగొట్టుకునేదాన్ని.

తర్వాత ఫోను వచ్చింది.

చీరలు నేయించే షావుకారు డిజైన్లు అందులోనే పంపుతానంటే కొన్నాం. డిజైను వారానికొకటి వస్తుంది. మిగతావి — ఆగకుండా వస్తాయి.

ఎవరో ఒకామె మిరపకాయ బజ్జీలు వేస్తుంటుంది. బొటనవేలితో పైకి తోసేస్తాను. ఎవడో గోడ మీద నుంచి పడతాడు. తోసేస్తాను. ఎవరి పెళ్ళో, ఎవరి చావో… తోసేస్తాను. సాయంత్రం ఏం చూశావని అడిగితే ఒక్కటీ చెప్పలేను.

మొదట ఒక పోగు మిగిలింది. తర్వాత మూడు. పోయిన పడుగుకి ఏడు.

ఫోను బియ్యం డబ్బాలో దాచాను. దాచిన చేతులకు దారి తెలియకపోతుందా? పక్కింటి షరీఫా బీకి ఇచ్చి, "సాయంత్రం దాకా నేనడిగినా ఇయ్యద్దక్కా" అన్నాను. గంట తిరక్కముందే నేనే వెళ్ళి, ఏదో అబద్ధం చెప్పి తెచ్చుకున్నాను.

ఫోను చేతిలో లేనప్పుడు కూడా… పోగును మెలి తిప్పాల్సిన బొటనవేలు పైకి తోస్తోంది.

నా వేలే. నా మాట వినదు.

మొన్న అమ్మ గుర్తొచ్చింది. పోయి ఏడాది కూడా కాలేదు. ఏడుపొచ్చింది. చెంపలు తడిసేలోపే చెయ్యి ఫోను మీదికి పోయింది. ఏడుపు సగంలో ఆగింది.

మళ్ళీ రాలేదు.

అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

"కండ్లు మందగించినాయేమో మే" అన్నాడు భీమప్ప, పోగులు మిగలడం చూసి. గొంతులో కోపం లేదు. "ఆదోనికి పోయి సూపిచ్చుకుందాం పా."

బస్సులో కిటికీ పక్క సీటు. బయట పత్తి చేలు, తెల్లగా విచ్చుకుని. మా ఊరి పక్కనున్న కోటేకల్ దాటేదాకా కూడా వాటిని చూడలేకపోయాను. చెయ్యి ఫోను మీదికే పోయింది.

ఆదోనిలో కళ్ళ డాక్టరు అక్షరాలు చదివించాడు. అన్నీ చదివాను, అట్టడుగున ఉన్న చీమ తలకాయంత వాటితో సహా.

"కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా. ఏ లోపమూ లేదు."

చెడిపోయి ఉంటే ఎంత బాగుండేది! చెడిన కళ్ళకు అద్దాలుంటాయి.

డాక్టరు ఆ మాట చెప్పేసరికి భీమప్ప తినడానికి బొరుగుల ఉగ్గాని తెస్తానని బయటికి వెళ్ళి ఉన్నాడు. నేను పక్కనే ఉన్న అద్దాల అంగడిలోకి వెళ్ళాను.

"నంబరు ల్యాని అద్దాలు ఎందుకక్కా?" అన్నాడు అంగడతను.

"కావల్లప్పా. ఇయ్యి."

భీమప్ప ఉగ్గాని పొట్లం పట్టుకుని తిరిగొచ్చేసరికి నా ముక్కు మీద అద్దాలున్నాయి. "నేను సెప్పలా!" అన్నాడు. ఎంత తేలికపడ్డాడో ఆ మొహం! నిజం చెప్పే ధైర్యం కాస్తో కూస్తో ఉన్నది కూడా పోయింది.

ఈ రోజు కొత్త పడుగు.

పొద్దున్నే అద్దాలు పెట్టుకుని కూర్చున్నాను. పోగు. పోగు. పోగు… ఫోను. పోగు… ఫోను. ఇదొక్కటి చూసి పెట్టేద్దాం. ఇంకొక్కటి. పోగు…

చివర పదకొండు మిగిలాయి.

భీమప్ప వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆ పదకొండింటినీ వేలితో మీటి చూశాడు. తిట్టినా బాగుండేది.

నా అద్దాలు తీశాడు. పంచె అంచుతో రెండు వైపులా ఓపిగ్గా తుడిచాడు. వెలుతురుకు ఎత్తి చూసి, మళ్ళీ తుడిచి, తనే నా ముక్కు మీద పెట్టాడు.

"ఇప్పుడు కనపడతాందా మే?"

"కనపడతాంది" అన్నాను.