మూడో మెట్టు మీద కాపో

ఒక్క కాపో కొనడానికి గంటసేపు నిలబడ్డ మనిషిని ఆ సంగీత వాయిద్యాల దుకాణం పెద్దాయన ఇంతవరకూ చూసి ఉండడు. అరచేతిలో ఇమిడే వస్తువది. గిటారు మెడకి తగిలిస్తే ఆరు తీగల్నీ ఒకే మెట్టు మీద నొక్కిపడుతుంది, ఎంత పై మెట్టుకి జరిపితే అంత శృతి పెరుగుతుంది. ఇంతోటి దానికి ఒకటి పెట్టి మీటడం, పెదవి విరవడం, తీసి పక్కన పెట్టడం! బల్లనిండా కాపోలు పోగుపడ్డాయి.

కొనడానికొచ్చిన ఈయన్ని, రోజూ వాయించే హోటల్లో అందరూ తమ్ముడనే అంటారు. అక్కడ పాడేది వాళ్లక్క, పక్కన గిటారు వాయించేది ఈయన. నలభై దాటి జుట్టు పలచబడినా తమ్ముడే.

"స్ప్రింగుది ఇవ్వనా? ఒంటిచేత్తో మార్చుకోవచ్చు," అన్నాడు పెద్దాయన.

"అలాంటిదే ఉందండీ. మరీ గట్టిగా పట్టేస్తోంది. తీగలు నలిగి శృతి తప్పుతోంది."

"పోనీ ఇది?"

"ఇది చదునుగా ఉంది కదండీ. నా గిటారు మెడ కాస్త వంపు. చివరి తీగలు పట్టదు, బరబరమంటుంది."

"నువ్వు కాపో కొనడానికొచ్చావా, సంబంధం చూడ్డానికొచ్చావా?" అని గిటారు లాక్కుని, కాపో లేకుండా ఓసారి మీటాడు పెద్దాయన. మొహం చిట్లించాడు. "ఇదేంటయ్యా, తీగలన్నీ రెండు మెట్లు దించేసి ఉన్నాయి! కాపో ఎక్కడ పెడతావు?"

"మూడో మెట్టు మీద."

"రెండు దించి మూడు ఎక్కడమెందుకు? తీగలు సరిగ్గా బిగించి, ఒకటో మెట్టు మీద పెట్టుకుంటే అదే శృతి కదా! తిన్నగా తినక తల చుట్టూ తిప్పి తినడమా?"

తమ్ముడు బల్ల మీద ఇంకో కాపో అందుకున్నాడు. ఏమని చెబుతాడు? చెప్పుకునే కారణమైతే రెండేళ్లనాడే అక్కకే చెప్పేవాడు.

వాళ్లమ్మ పోయేనాటికి వీడికి తొమ్మిదేళ్లు. అక్క చదువు మానేసి, పాడి వీణ్ని పెంచింది. తొలి గిటారు కొనిపెట్టింది కూడా అక్కే. ఆమెకి స్కేళ్ల పేర్లు తెలియవు. తమ్ముడి కాపో ఎక్కడుందో చూసుకుని పాట అందుకుంటుంది. మూడో మెట్టు మీద ఉందంటే తన గొంతు తన దగ్గరున్నట్టే.

రెండేళ్ల కింద ఆ గొంతు పైస్థాయిలో జీరపోవడం మొదలైంది. తమ్ముడు ఓ సాయంత్రం కాపోని రెండో మెట్టుకి దించాడు. అక్క చూసింది. పాట అక్కడే ఆపేసింది. ఇంటికొచ్చి మూడు రోజులు ముద్ద ముట్టలేదు. "నా గొంతే పోతే ఇంక నేనెందుకురా?" అని గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగో రోజు తనే లేచి, డాక్టరుకి చూపించుకుంటానని చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

అప్పుడు చేశాడు వీడు ఆ తెలివితక్కువ పని. "ఆ రోజు నాదే పొరపాటక్కా. ఏదీ, ఒక్కసారి పాడు," అని గిటారు తెచ్చాడు. కాపో మూడో మెట్టు మీదే ఉంది. తీగల్నే అర మెట్టంత దించి తెచ్చాడు. అక్క హాయిగా పాడింది. "చూశావా, నాకేం కాలేదు!" అని నవ్వి, చెప్పులు విప్పేసింది. ఆ నవ్వు చూసి వీడి ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఇంకాస్త దించాడు, ఆర్నెల్లకి మరికాస్త. ఒక అబద్ధం నిలబెట్టడానికి ఎన్ని అబద్ధాలు కావాలో ఆడినవాడికే తెలుస్తుంది.

"మర తిప్పేది తీసుకో," అన్నాడు పెద్దాయన, మొహం చూసి ఇక ఆరా తీయకుండా. "ఎంత కావాలో అంతే బిగుస్తుంది. వదులు తీగలకి అదే మంచిది."

పెట్టి చూశాడు. ఆరు తీగలూ శుభ్రంగా పలికాయి. అప్పుడు గడియారం చూశాడు. నాలుగున్నర! నాలుగింటికే హోటల్లో సాధన. పైగా ఇవాళ్టినుంచి కీబోర్డు అతనొకడు కొత్తగా చేరుతున్నాడు.

పరుగెత్తి వెళ్లేసరికి భోజనాల హాల్లో కుర్రాళ్లు గ్లాసులు తుడవడం మానేసి వేదికవైపు చూస్తున్నారు. తమ్ముడు రాలేదని అక్క కీబోర్డుతోనే మొదలుపెట్టేసింది. "మా వాడు కాపో మూడో మెట్టు మీద పెట్టి వాయిస్తాడు, అదే నా శృతి," అని చెప్పిందట. తీగలు దించిన సంగతి తెలియని అతను లెక్కకట్టి, సరిగ్గా అసలు మూడో మెట్టు శృతే ఇచ్చాడు. గుమ్మంలో తమ్ముడు నిలబడేసరికి పాట పైకెళుతోంది. అక్క మెడ నరాలు తేలాయి. గొంతు కీచుమని చీలి, ఆగిపోయింది.

"నీ పెట్టెలో ఏదో తేడా ఉంది నాయనా," అంది దగ్గుతూ. ఆడలేక మద్దెల ఓడంటారు గానీ, పాపం, ఆడలేకపోతున్నానని ఆమెకి తెలిస్తే కదా! మళ్లీ పట్టింది. మళ్లీ చీలింది. తమ్ముడు వద్దు వద్దంటూ అడ్డం వెళ్లేలోపు మూడోసారి కూడా పట్టింది. ఆ తర్వాత గొంతులోంచి గాలి తప్ప మరేం రాలేదు.

మర్నాడు పొద్దున్నే డాక్టరు అక్క గొంతులోకి సన్నని గొట్టం వేసి చాలాసేపు చూసింది.

"రెండువైపులా గడ్డలున్నాయి. గొంతు దిగడం ఎప్పుడు మొదలైందమ్మా?"

"దిగలేదండీ," అంది అక్క గుసగుసగా. "మొన్నటిదాకా నా శృతిలోనే పాడాను. మా తమ్ముణ్ని అడగండి."

"ఇది సరిగ్గా చెప్పాలి. కొత్తవైతే మందులిచ్చి కొన్నాళ్లు చూస్తాం. పాతవైతే ఆలస్యం చేయకూడదు, కోసి తీయాలి."

అక్క ధీమాగా తమ్ముడి వంక చూసింది. వాడే సాక్ష్యం మరి.

"రెండేళ్లయిందండీ," అన్నాడు తమ్ముడు.

"వీడికేం తెలుసు..."

"తీగలు దించుతూ వచ్చానక్కా. కాపో ఒక్కటే మూడో మెట్టు మీద ఉంచాను."

అక్కకి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. తర్వాత, "చెప్పులేసుకుని బయల్దేరాను కదరా ఆ రోజు," అంది.

వాడు ఏడ్చాడు. నలభై దాటిన మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. చిన్నప్పుడైతే అక్క కొంగుతో తుడిచేది. ఇప్పుడు చెయ్యి కదల్లేదు.

"అప్పుడొచ్చి ఉంటే వేరే సంగతి," అంది డాక్టరు కాగితం రాస్తూ.

"ఇప్పుడైనా పాట వస్తుందా డాక్టరుగారూ?" వాడే అడిగాడు.

డాక్టరు వాడికి బదులు చెప్పబోయింది. అక్క చెయ్యెత్తి ఆపింది.

"వాడికి చెప్పకండి. వాడు నాకు తగ్గించి చెబుతాడు," అంది. "నువ్వు బయట కూర్చోరా."

తమ్ముడు లేచి బయటికెళ్లాడు. లోపలినుంచి ఎవరో తలుపు వేశారు.