రెండో డ్రైవరు

అబ్బులు హౌరా నుంచి వచ్చి లారీ దిగీ దిగకముందే, ఓనరు వెంకటరాజుగారు ఇంకో లారీ తాళాలు అతని చేతిలో పెట్టారు.

ఆకివీడు అవతల చేపల ప్యాకింగ్ షెడ్డు. ఎండ మాడ్చేస్తోంది. అబ్బులు కాళ్లు చెప్పుల్లో పట్టనంతగా వాచిపోయాయి. ఒంటి మీద చొక్కా ఏ రోజు తొడుక్కున్నదో అతనికే గుర్తు లేదు.

"ఒక్క పూట పడుకుని వెళ్తానండి," అన్నాడు.

"పడుకోలేదేంట్రా? తుని దగ్గర బండి ఆగినట్టు జీపీఎస్‌లో కనపడుతోంది. అది నిద్ర కాదా?"

"టైరు పంచరైందండి. ఒక్కణ్ణే మార్చుకున్నాను."

"ఐసు వేసేశార్రా. చేప ఆగదు. ఎక్కు."

వేరే లారీకి ఐసు వేస్తున్న ఆడవాళ్లలో అబ్బులు భార్య నాగదుర్గ కూడా ఉంది. ఆమె పార ఆపి చూసింది. షెడ్డు దగ్గరున్న డ్రైవర్లందరూ చూశారు. చూసి తలలు దించుకున్నారు. పక్క లారీకి పట్టా తాడు బిగిస్తున్న అబ్బులు స్నేహితుడు ఏసుపాదమూ దించుకున్నాడు. అబ్బులు ఎవరి వంకా చూడకుండా లారీ ఎక్కాడు.

ఒకప్పుడు లారీకి ఇద్దరు డ్రైవర్లుండేవారు. ఒకడు నడుపుతుంటే ఇంకొకడు వెనక బల్ల మీద నిద్రపోయేవాడు. పోనుపోను వెంకటరాజుగారికి రెండో మనిషి దండగగా కనిపించాడు. ఐసు మాత్రం ఒక్క గడ్డ తగ్గించలేదు మహానుభావుడు. ఐసు తగ్గితే చేప కుళ్లుతుంది కదా!

ఇక క్యాబిన్‌లో మిగిలింది ఒక్కడు. పక్క సీట్లో నీళ్ల క్యానూ, బట్టల సంచీ. ఒరిస్సా దాటేసరికి మన మాట వినబడదు, మన మొహం కనబడదు. ఆ ఒంటరితనం ముందు మనిషిని దిగులుపెడుతుంది, తర్వాత జోకొడుతుంది. అందుకని డ్రైవర్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. నిద్ర ముంచుకొస్తే ఇంకో డ్రైవరుకి ఫోన్ చేస్తారు. అతను ఏదో ఒక కబురు చెబుతూనే ఉంటాడు. ఇతను ఊ కొడుతూ ఉంటాడు. ఊ వినిపిస్తున్నంత సేపూ మనిషి మెలకువగా ఉన్నట్టే లెక్క.

మర్నాడు మధ్యాహ్నం అబ్బులు నుంచి ఫోన్ వచ్చింది. "ఒరే ఏసూ, కళ్లు మూతలు పడిపోతున్నాయిరా. ఏదో ఒకటి చెప్పు."

ఏసుపాదం సగం లోడుతో వెనకే వస్తున్నాడు. ఇంటి మీద రేకులు మార్పించిన సంగతి ఎత్తుకున్నాడు. మేస్త్రి పని ఎలా ఎగ్గొట్టాడో, వానకి మంచం ఎన్ని మూలలకి జరిపారో, అన్నీ చెప్పుకుపోయాడు. అవతల నుంచి ఊఁ, ఊఁ అని వస్తూనే ఉంది. ఉన్నట్టుండి పెద్ద చప్పుడైంది. ఆ తర్వాత ఏసుపాదం ఎంత పిలిచినా పలకలేదు.

అతను అక్కడికి చేరేసరికి అబ్బులు శవాన్ని తీసుకెళ్లిపోయారు. రోడ్డు పక్కన ఆగి ఉన్న ట్రాలీ కిందికి లారీ ముందు భాగం దూరిపోయి ఉంది. వెంకటరాజుగారి ఫోన్ వచ్చింది.

"అబ్బులు పోయాడండి," అని ఏడ్చేశాడు ఏసుపాదం.

"తెలిసిందిరా. ఖర్మ. ట్రేలు బాగానే ఉన్నాయంట. కూలీల్ని పంపుతున్నాను, నీ బండిలోకి ఎక్కించేసుకో. ఐసు కరిగిపోకుండా బయల్దేరు."

ఎక్కించుకున్నాడు. చచ్చిపోయిన స్నేహితుడి చేపలు వీపు వెనక పెట్టుకుని హౌరా దాకా ఒక్కడే నడిపాడు. నిద్ర వచ్చినప్పుడల్లా చెయ్యి ఫోన్ మీదకి పోయేది. ఎవరికి చెయ్యాలో తోచేది కాదు. ఇంత పెద్ద రోడ్డు మీద తనకంటూ ఒక్క మనిషి లేడనిపించింది. మనిషిని చంపి చేపని కాపాడే ఈ వ్యాపారం మీద ఆ దారిలోనే అతనికి మొదటిసారి కోపం వచ్చింది.

తిరిగి వచ్చేసరికి షెడ్డులో మాట మారిపోయి ఉంది. "సెల్ ఫోన్ మాట్లాడుతూ గుద్దుకున్నాడు, తప్పు వాడిదే," అని నాగదుర్గకి చెప్పేశారు వెంకటరాజుగారు. పోలీసులూ అదే రాసుకున్నారు. ఏసుపాదాన్ని ఆయన కాటా గదిలోకి పిలిచారు.

"ఆఖరి కాల్ నీతోనేరా. నువ్వు నోరు మూసుకుంటే నీ పేరు రాకుండా నేను చూసుకుంటాను. నోరు తెరిచావా, బండీ ఉండదు, లైసెన్సూ ఉండదు."

ఏసుపాదం రెండు రోజులు నోరు మూసుకున్నాడు. అన్నం సయించలేదు. మూడో రోజు డ్రైవర్లందరూ కాటా వెనక కూడుకున్నారు. పిలిచింది యూనియన్ జీవరాజు.

"అబ్బులు పోయాడు. రేపు నువ్వో నేనో. బండికి ఇద్దరు లేకుండా కదలొద్దు," అన్నాడు జీవరాజు.

"మనం ఆపితే బీహార్ వాళ్లని తెస్తాడు," అన్నారొకరు.

"వాళ్లకి నిద్ర రాదేంటి? వచ్చాక వాళ్లతోనూ మాట్లాడదాం."

"ఏం మాట్లాడతావయ్యా? తప్పు అబ్బులుదే అని కాగితాల్లోకి ఎక్కేసింది. ఫోన్ మాట్లాడుతూ పోయినోడి కోసం సమ్మేంటి?"

ఏసుపాదం లేచాడు. నాగదుర్గ ఆడవాళ్లతో ఓ పక్కన నిలబడి ఉంది.

"ఆ ఫోన్‌లో ఉన్నది నేనే వదినా."

నాగదుర్గ ముందుకొచ్చి అడిగింది. "ఆఖర్న ఏం మాట్లాడాడు?"

"ఏం మాట్లాడలేదు వదినా. ఊఁ అన్నాడంతే. నిద్రలో అన్నాడు. మెలకువగా ఉన్నాడనుకుని నేను చెప్పుకుంటూ పోయాను."

ఆమె ఏడవలేదు. "ఇంటికాడా అంతేగా. పిల్ల బడి కబుర్లు చెబుతుంటే కళ్లు మూసేసుకుని ఊఁ, ఊఁ అనేవోడు. నిద్దట్లో ఊ కొట్టడం అలవాటైపోయింది మా ఆయనకి." డ్రైవర్ల వైపు తిరిగింది. "ఫోన్ మాట్లాడకుండా హౌరా వెళ్లొచ్చినోడు మీలో ఎవడైనా ఉన్నాడా? ఉంటే చెయ్యెత్తండి. తప్పు మా ఆయనదేనని ఒప్పేసుకుంటాను."

ఒక్క చెయ్యీ లేవలేదు.

మర్నాడు పొద్దున్న లోడైన లారీలు వరసగా నిలబడ్డాయి. తాళాలు ఇంజన్లకే ఉన్నాయి. డ్రైవర్లు మాత్రం తువ్వాళ్లు పరుచుకుని లారీల నీడన పడుకున్నారు. నినాదాలు లేవు, జెండాలు లేవు. కాసేపటికి నిజంగానే గుర్రు పెట్టారు. ఎన్ని నెలల నిద్ర బాకీ అది! ఆడవాళ్లు పారలు కింద పడేశారు.

వెంకటరాజుగారు అరిచారు, బతిమాలారు, చివరికి ఎస్సైని పిలిపించారు.

"ఏంట్రా మీ గొడవ?"

జీవరాజు లేచి కూర్చున్నాడు. "బండికి ఇద్దరండి. రోజుకి ఎనిమిది గంటలండి, చట్టంలో ఉన్నదే. అబ్బులుని చంపింది ఫోన్ కాదు, నిద్ర లేకపోవడమని రాయాలండి." అని మళ్లీ పడుకున్నాడు.

వెంకటరాజుగారు ఏసుపాదాన్ని చూపించారు. "ఆ రోజు ఫోన్‌లో మాట్లాడింది వీడేనండి. వీడే అందర్నీ ఎగదోశాడు."

ఏసుపాదాన్ని రెక్క పట్టి లేపి జీపులో పడేశారు. కిటికీలోంచి చూస్తే దుమ్మూ, టైర్లూ తప్ప ఏమీ కనపడలేదు. మళ్లీ ఒక్కణ్ణే అయిపోయాననుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

జీపు కదలలేదు. కళ్లు తెరిచి చూస్తే, జీవరాజు తన తువ్వాలు తెచ్చి జీపు ముందు పరుస్తున్నాడు. అతని పక్కన ఇంకొకడు. వాడి పక్కన ఇంకొకడు. రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా, ఎండలోనే, భుజానికి భుజం ఆనించి పడుకున్నారు. ఆడవాళ్లు వచ్చి వాళ్ల తలల దగ్గర కూర్చున్నారు. ఏసుపాదం సిగ్గుపడకుండా ఏడ్చాడు.

లారీల కింద ఐసు నీళ్లు కాలవ కట్టాయి. వెంకటరాజుగారు నెత్తి బాదుకున్నారు.

"చేప పోతుందే, నాగదుర్గా! నువ్వైనా చెప్పవే!"

"పోనివ్వండి," అంది నాగదుర్గ. "మా మనిషి పోయినప్పుడు బండి ఆపారేంటండీ?"

జీపు స్టీరింగ్ దగ్గరున్న కానిస్టేబుల్ ఎస్సై వంక చూడకుండానే ఇంజన్ ఆపేశాడు.