రెండు అరువు కుర్చీలు

చొక్కాకు ఆరో కాజా కుడుతూ కాజాలక్క తలుపు వైపు మరోసారి చూసింది. వేళ్లు మాత్రం ఆగలేదు. దర్జీ దుకాణానికి కాజాల మిషను వచ్చాక రోజుకు నాలుగు చొక్కాలు కూడా ఆమె చేతికి రావడం లేదు. రెండు నెలల అద్దె నిలిచిపోయింది. ఈ సాయంత్రంలోగా కట్టకపోతే గదికి తాళం వేస్తానని ఇంటాయన చెప్పేశాడు.

ట్రాన్స్‌జెండర్ల సంఘం అత్యవసర సాయం ఇస్తోంది. ఇచ్చేముందు ఒక మనిషి వచ్చి గది చూసి వెళ్తుంది. ఆ మనిషి కోసం కాజాలక్క నేల రెండుసార్లు కడిగింది. పక్కింటి పిన్ని దగ్గర రెండు కుర్చీలు, గ్యాసు పొయ్యి, పూల దుప్పటి అరువు తెచ్చి సర్దింది.

"ఏమే, వచ్చేది సాయమా, పెళ్లి సంబంధమా?" అని పిన్ని నవ్వింది.

"ఇంటికొచ్చిన మనిషిని నేలమీద కూర్చోబెట్టమంటావా పిన్నీ?"

చుట్టమంటూ ఆ గడప తొక్కినవాళ్లు లేరు. ఆడబట్టలు కట్టుకుందని పదిహేడో ఏట నాన్న బయటికి నెట్టి గడియ వేశాడు. తర్వాత మారిన పదకొండు గదుల్లోనూ ఆ చప్పుడు వెంటాడింది. తన తలుపు తానే లోపలినుంచి వేసుకున్నా, ఎవరో బయటినుంచి వేసినట్టు ఉలిక్కిపడుతుంది.

మధ్యాహ్నం సంఘం పంపిన మనిషి వచ్చింది, వయసులో చిన్నది, చెల్లెలి వరస. ఆమె కూడా ఇలాగే ఇల్లు వదిలిన మనిషే. కుర్చీలో వెనక్కి వాలి, పొయ్యి చూసి, దుప్పటి తడిమింది.

"గది ఎంత ముచ్చటగా పెట్టుకున్నావక్కా!" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఇవాళ ఒక్కరికే సరిపడా ఉంది. బస్టాండులో ఒకామె వారం నుంచీ పడుకుంటోంది, పైగా జ్వరం. నీకు వచ్చే వారం దాకా పర్లేదు కదా?"

ఇవేవీ నావి కావని, సాయంత్రానికి గదికి తాళం పడుతుందని ఒక్క మాట అంటే చాలు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా, ఇన్నేళ్లకు తన ఇంటికి వచ్చిన మొదటి చుట్టం హాయిగా కూర్చుని ఉంది.

"ముందు ఆమెకివ్వు తల్లీ. నాకేం, మహారాణిని!"

చెల్లెలు వెళ్లాక, గోడ అవతలినుంచి అంతా విన్న పిన్ని వచ్చి తల బాదుకుంది. "నిజం చెబితే నోట్లో ముత్యాలు రాలిపోయేవా? పరిగెత్తి పిలువు!"

"జ్వరమంట పిన్నీ, పాపం," అంది కాజాలక్క.

కుర్చీలు, పొయ్యి, మడిచిన దుప్పటి తిరిగి ఇచ్చేసింది. చొక్కాలు దుకాణంలో అప్పజెప్పింది. ఇంటాయన రాకముందే, ఇంకా ఎండ ఉండగానే, సంచి భుజాన వేసుకుని వీధి మలుపు తిరిగింది. ఎక్కడికని పిన్ని అడిగేలోపే.

మూడో రోజు సంఘం చెల్లెలు ఎక్కడో సర్దుబాటు చేసిన డబ్బుతో పరుగున వచ్చింది. గదికి తాళం వేసి ఉంది. కిటికీ బయటి తీగమీద, ఉతికి ఆరేసిన జాకెట్టొకటి ఎండకు బిరుసెక్కి, రెండు చేతులూ కిందికి వేలాడేసుకుని ఉంది.